కల్లు లొట్టికి టైటిల్ కార్డు ఎప్పుడు?
జనగామ - మానుకోట - భూపాలపల్లి: ఒక మత్తు లేని ప్రయాణం

పాత సినిమాల్లో విలన్ డెన్ ఎలా వుండేదో గుర్తుందా? ఎర్ర లైట్లు, వంపులు తిరిగిన మెట్లు, గోడకి పులి తల, దాని కింద అద్దాల బీరువా. బీరువా నిండా స్కాచి సీసాలు! 'వ్యాట్ 69' సీసా కనబడకపోతే ఆ విలన్‌ని విలన్‌గా లెక్క కట్టేవాళ్ళు కాదు ప్రేక్షకులు. అదే సినిమాలో పల్లెటూరి తాగుబోతు తాగేది మాత్రం సారా. వాడి సీసా మీద పేరుండదు. వాడికీ చాలాసార్లు పేరుండదు!

1953లో 'దేవదాసు'లో అక్కినేని చేతిలో వున్న సీసా ఏ కంపెనీదో ఎవరూ పట్టించుకోలేదు. డెబ్భై ఏళ్ళు గడిచాక, 2023లో, 'బలగం' వచ్చింది, 'దసరా' వచ్చింది. తెలంగాణ పల్లెలో మందు అంటే చావుకీ, పెళ్ళికీ, పంచాయితీకీ, కులానికీ ఎలా ముడిపడి వుంటుందో తెర మీద కనిపించింది. 'దసరా'లో 'సిల్క్ బార్' గోడల మధ్యే సగం కథ తేలిపోతుంది.

అయితే ఒక సంగతి గమనించారా? స్కాచి సీసాకి పుట్టిన వూరు వుంది, పుట్టిన సంవత్సరం వుంది, తయారుచేసిన వాడి పేరు వుంది. సినిమాకి టైటిల్ కార్డులు వున్నట్టే! మరి మన కల్లు లొట్టికి? ఇప్పసారా కుండకి? వాటి టైటిల్ కార్డు ఏదీ?

ఈ ప్రశ్నను సంచీలో వేసుకుని చైత్రమాసపు ఎండలో ఓరుగల్లు చుట్టుపక్కల మూడు జిల్లాలు తిరిగొచ్చాను. ఎందుకు చైత్రం అంటారా? తాటికల్లుకీ, ఇప్పపువ్వుకీ అదే సీజన్ కనుక!

స్కాచి దేశంలో రీ-రిలీజులు

బస్సెక్కే ముందు ఒక్కసారి స్కాట్లండ్ వెళ్ళొద్దాం. టిక్కెట్ ఖర్చు లేదు లెండి.

మాల్టు అంటే మరేం లేదు, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ గింజ. మన రాగిమాల్టులో వున్న మాల్టు కూడా ఆ మాటే. దాన్ని నానబెట్టి, పులియబెట్టి, రాగి బట్టీల్లో రెండుసార్లు కాచి, ఓక్ చెక్క పీపాల్లో కనీసం మూడేళ్ళు నిద్రపుచ్చితే స్కాచి మాల్టు విస్కీ అవుతుంది. ఒకే డిస్టిలరీ సరుకైతే 'సింగిల్ మాల్టు'. పది డిస్టిలరీల మాల్టునీ, వేరే ధాన్యపు విస్కీనీ కలిపితే 'బ్లెండెడ్'. మన భాషలో చెప్పాలంటే సింగిల్ మాల్టు సోలో హీరో సినిమా, బ్లెండెడ్ మల్టీస్టారర్. విలన్ గారి వ్యాట్ 69 మల్టీస్టారరే!

ఇక మూడో రకం ఒకటుంది. ఒక వ్యాపారి డిస్టిలరీ నుంచి ఒకటో రెండో పీపాలు కొంటాడు. తన గిడ్డంగిలో తనకి నచ్చినన్నాళ్ళు వుంచి, తన బ్యానర్ మీద సీసాల్లో నింపుతాడు. సీసా మీద డిస్టిలరీ పేరు, కాచిన సంవత్సరం, పీపా నంబరు అన్నీ వేస్తాడు. చాలామంది రంగు కూడా కలపరు. దీన్నే ఇండిపెండెంట్ బాట్లింగ్ అంటారు. నిర్మాత ఒకరు, విడుదల చేసేది మరొకరు. నైజాం హక్కులు కొన్న పంపిణీదారుడిలా అన్నమాట!

ఎల్గిన్ అనే చిన్న పట్నంలో 1895లో గోర్డన్, మెక్‌ఫైల్ అనే ఇద్దరు పచారీ కొట్టు పెట్టారు. చాయ్‌పత్తా, పంచదారలతోబాటు విస్కీ పీపాలు కూడా కొనిపెట్టారు. అదే తర్వాత ప్రపంచంలో పేరున్న బాట్లింగ్ కంపెనీ అయింది. 1940 ఫిబ్రవరిలో నింపిన ఒక గ్లెన్‌లివెట్ పీపాని 80 ఏళ్ళు కదపకుండా వుంచి, 2021లో 250 సీసాలుగా అమ్మింది. నింపినవాడు తాగలేదు, తాగినవాడు నింపలేదు!

దీనివల్ల ఏమయిందో చూడండి. 1980ల మొదట్లో స్కాట్లండ్‌లో విస్కీ నిల్వలు కొండలా పెరిగిపోయాయి, కొనేవాడు తగ్గిపోయాడు. 1983లో పోర్ట్ ఎలెన్, బ్రోరా లాంటి డిస్టిలరీలు మూతపడ్డాయి. అయితే వాటి పీపాలు అక్కడక్కడా మిగిలాయి. ఇలాంటి వ్యాపారులు వాటిని ఆ పేర్లతోనే సీసాల్లో పోసి అమ్ముతూ వచ్చారు. తర్వాత సొంతదారు కంపెనీ కూడా ఆ దారే పట్టింది. ఫ్లాపయిన సినిమాని పదేళ్ళ తర్వాత టీవీలో చూసి జనం వెర్రెత్తిపోయినట్టు, మూతపడ్డ డిస్టిలరీలకి అభిమానులు పుట్టారు. చివరికి బ్రోరా 2021లో, పోర్ట్ ఎలెన్ 2024లో మళ్ళీ పొయ్యి వెలిగించాయి. సీసా మీద పేరు బతికివుంది కనుక, వూళ్ళో బట్టీ బతికింది.

గుర్తుపెట్టుకోండి. ఈ మాటతో మనకి ముందు ముందు పనుంది.

జనగామ: మోకు పట్టేవాడేడీ?

ఉప్పల్‌లో జనగామ బస్సెక్కాను. వూరు ఇంకా రాకముందే పెంబర్తి తగులుతుంది. ఇత్తడి, రాగి రేకుల మీద సుత్తెతో బొమ్మలు లేపే విశ్వకర్మల వూరు. కాకతీయుల కాలంలో రథాలకి తొడుగులు చేసిన చేతులవి. పెంబర్తి పనికి భౌగోళిక గుర్తింపు వుంది. అంటే ఆ పేరుతో ఇంకెవడో ఇంకెక్కడో చేసి అమ్మడానికి వీల్లేదు. ఆ వర్క్‌షాపు అరుగు మీద నిలబడి రాగి రేకు మీద పడే సుత్తె దెబ్బలు వింటుంటే నాకు స్కాట్లండ్ గుర్తొచ్చింది. అక్కడి బట్టీలన్నీ రాగివే. ఆవిరిలోని గంధకపు కంపుని రాగి పీల్చేస్తుంది కనుక. ఇక్కడ రాగి పని వుంది, చుట్టూ తాటివనాలున్నాయి. ఒకదానికొకటి ఏనాడూ పరిచయం లేదు!

పెంబర్తి ఇత్తడికున్న గుర్తింపు పక్కూరి కల్లుకి లేదు. కానీ కల్లుకి ఇక్కడ పెద్ద చరిత్రే వుంది. రఘునాథపల్లి మండలం ఖిలాషాపురంలో ఇప్పటికీ కోట వుంది. సర్వాయి పాపన్న కోట. కల్లుగీసే ఇంట పుట్టి, మొగలాయి అధికారుల మీద తిరగబడి, 1708లో ఓరుగల్లునే కొల్లగొట్టిన మొనగాడు. 1710లో అతన్ని పట్టి చంపారు. తాళ్ళ మీద పన్ను కట్టనన్నందుకే తిరుగుబాటు మొదలైందని ఈ వూళ్ళలో కథగా చెబుతారు. కోట బురుజు కింద నిలబడి తలెత్తితే, నింగిలో తాటిచెట్ల తలలు సైనికుల్లా కనిపిస్తాయి.

ఆ దారిలోనే ఒక గౌడన్న దొరికాడు. వయసు అరవై దాటివుంటుంది. నడుముకి ముత్తాదు, భుజాన మోకు, లొట్లు, గీతకత్తి. చూస్తుండగానే చెట్టెక్కేశాడు. అంత ఎత్తున ఒక తాడు మీద ఆనుకుని గెల కొసని సన్నగా, ఉల్లిపొర మందాన చెక్కుతాడు. కల్లు చుక్క చుక్కగా లొట్టిలో పడుతుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, చెట్టు తర్వాత చెట్టు. డూపులు లేరు, వలలు లేవు, కట్ చెప్పే డైరెక్టరూ లేడు.

దిగొచ్చాక రేకులో పోసిచ్చాడు. తాటాకు దొప్పని ఇక్కడ రేకు అంటారు.

"అన్నా, ఇది ఏ చెట్టుది?" అన్నాను.

"గా వంపు మీద పోద్దాడు. పక్కదాని కల్లు ఇట్లుండదు తమ్మీ. గది జర వగరు. మాపటికి తాగితే ఇదే ఇంకో తీరుంటది."

చూశారా! ఫలానా చెట్టు, ఫలానా పూట, ఫలానా చేయి. స్కాట్లండ్‌వాడు పీపా నంబరు వేసి వేలల్లో అమ్ముకునే విద్య ఇతని నోట్లో వుంది. పరుపుదాడు, పోద్దాడు, పండుతాడు అని ఏడాదిలో కాలానికో కల్లు. చలికాలం ఈతకల్లు వేరు. కానీ లొట్టి మీద ఏమీ రాయరు. రాసినా నిలవదు. దింపిన గంటల్లోనే కల్లు పులుస్తూ పోతుంది.

"సీసల పెడితే ఆగుతదా? మూత ఎగిరి అవతల పడ్తది" అని నవ్వాడు.

మరి కొడుకు ఎక్కుతాడా అనడిగితే నవ్వు ఆగింది. "హైదరాబాద్‌ల బండి మీద అన్నం పొట్లాలు ఇస్తుండు. ఎక్కమని నేనే అనలే. మా తమ్ముడు చెట్టు మీదికెళ్ళి పడ్డడు. నడుము విరిగింది."

చెట్టు మీద నుంచి పడటం కల్లుగీతలో కొత్త సంగతి కాదు. 2024 జూలైలో ప్రభుత్వం 'కాటమయ్య రక్ష' పేరుతో భద్రతా కిట్లు ఇవ్వడం మొదలెట్టింది. కాటమయ్య గౌడుల దేవుడు. దానికి ముందు, 2023 మేలో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 'నీరా కేఫ్' తెరిచారు. నీరా అంటే పులవకముందు, తెల్లవారుజామున దించిన తీపి రసం. మంచి ప్రయత్నమే. కానీ ఒక్క కేఫుతో ఎన్ని తాటివనాలు నిలబడతాయి?

ఇంకో భయం పెద్దది. కల్తీ! క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, అల్ప్రజోలం లాంటి మందులు నీళ్ళలో కలిపి కల్లు పేరుతో అమ్మే ముఠాలున్నాయి. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. చెట్టు ఒక్కటి కూడా లేని గల్లీలో కల్లు కాలవలా పారుతోందంటే అది చెట్టుది కాదని తెలుసుకోవాలి. పేరు లేని సరుకుకి వచ్చే చేటు ఇదే. ఏ చెట్టుదో, ఎవరు గీశారో రాసి వుంటే, విషం కలిపినవాణ్ణి పట్టుకోవడానికి ఒక దారయినా వుండేది.

మానుకోట: కుండ పగిలింది, దుకాణం మిగిలింది

జనగామలో రైలెక్కి కాజీపేట, వరంగల్, నెక్కొండ, కేసముద్రం దాటితే మహబూబాబాద్. కాగితాల మీద పేరది. జనం నోట్లో మాత్రం మానుకోటే! మిర్చి సీజన్‌లో ఈ దారిన కిటికీ తెరిచి కూర్చుంటే కళ్ళు మండుతాయి.

మానుకోట పేరు చెబితే ఆబ్కారీవాళ్ళకి గుర్తొచ్చేది ఒకప్పుడు గుడుంబా. నల్లబెల్లం, పటిక కలిపి కుండల్లో పులియబెట్టి, వాగు వారన కాచే సారా. ఇప్పపువ్వుతో కాచే పాత సారాకీ దీనికీ పోలిక లేదు. పువ్వు అడవిది, దానికో రుతువుంది. బెల్లం బజారుది, మూడొందల అరవై రోజులూ దొరుకుతుంది. అందుకే గుడుంబా అంతగా పాకింది. తండాల్లో, గూడేల్లో ఎన్ని సంసారాలు కూల్చిందో లెక్క లేదు.

ఇక్కడ సినిమావాళ్ళ చరిత్ర కూడా కొంచెం చెప్పుకోవాలి. 1980ల్లో మన ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా వున్న కాలంలోనే 'వారుణి వాహిని' పేరుతో సర్కారు సారా పొట్లాలు వూరూరా చేరాయి. 1991-92లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మీదకి నడిచారు. వయోజన విద్య తరగతుల్లో అక్షరాలతోబాటు తమ బతుకునీ చదువుకున్న ఆడవాళ్ళు వాళ్ళు. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబర్ 1న సారా నిషేధం వచ్చింది. 1994 డిసెంబర్‌లో ఎన్టీఆర్ మళ్ళీ గద్దెనెక్కి, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు. ఒకే హీరో, రెండు భిన్నమైన పాత్రలు! 1997లో ఆ నిషేధం సడలిపోయింది. ప్యాకెట్టు సారా పోయిన ఖాళీలోకి ఒకవైపు బ్రాందీ షాపు, మరోవైపు గుడుంబా వచ్చి కూర్చున్నాయి.

తెలంగాణ వచ్చాక 2015 నుంచి గుడుంబా మీద పెద్ద దాడే జరిగింది. కుండలు పగలగొట్టారు, బెల్లం పట్టుకున్నారు, కేసులు పెట్టారు. కాపు మానేసిన కుటుంబాలకి పునరావాసం కింద రెండు లక్షలు ఇచ్చే పథకం కూడా పెట్టారు. ఇంతకీ ఇప్పుడెలా వుంది?

గూడూరు దారిలో ఒక తండా దగ్గర ఆగాను. చింతచెట్టు కింద చింతపండు ఒలుస్తున్న లంబాడీ పెద్దావిడ ఒకామె మాట కలిపింది. మోచేతిదాకా గాజులు, ఎండకి నలిగిన ముఖం.

"కాచుడు బందయింది బిడ్డా. పోలీసులొచ్చి కుండలు పలగొట్టిండ్రు. మంచిగనే అయింది. గని మా ముసలోడు తాగుడు బంద్ చేసిండా? రోడ్డు మీద దుకాణం పెట్టిండ్రు కద! అప్పుడు ఇర్వై రూపాలు పోయేటియి, ఇప్పుడు రెండొందలు పోతున్నయి. మా కుండ పలిగింది, సర్కారు కుండ పలగలే."

సంపాదకీయాలు పది చదివినా ఇంత సూటిగా వుండదు! తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలున్నాయి. 2025లో వాటికి లాటరీ తీస్తే, ఒక్కో దరఖాస్తుకి తిరిగి రాని ఫీజు 3 లక్షల చొప్పున కట్టి సుమారు 95 వేల దరఖాస్తులు వచ్చాయి. స్టార్ హీరో సినిమా మొదటిరోజు టిక్కెట్లకి కూడా ఇంత తోపులాట వుండదేమో! ఆ దుకాణాల్లో విస్కీ అని అమ్మేదాంట్లో చాలాభాగం చెరకు మడ్డి నుంచో, నూకల నుంచో తీసిన స్పిరిటు. మాల్టు పాలు అంతంతమాత్రం. గుడుంబా బెల్లంతో అయితే, ఇది చక్కెర తీయగా మిగిలిన మడ్డికి దగ్గరి చుట్టం. తేడా ఎక్కడుందంటే సీలులో, లైసెన్సులో, లేబులు మీద పరాయి దేశపు కోట బొమ్మలో!

స్కాట్లండ్ కూడా ఒకప్పుడు మానుకోటే సుమా! కొండల్లో దొంగబట్టీలు, సుంకం సిపాయిల దాడులు, రాత్రిపూట గుర్రాల మీద సరుకు. 1823లో చట్టం మార్చి, చిన్న బట్టీలకి కూడా అందేలా లైసెన్సు పెట్టారు. మరుసటేడు జార్జ్ స్మిత్ అనే గ్లెన్‌లివెట్ రైతు లైసెన్సు తీసుకున్నాడు. తోటి దొంగబట్టీలవాళ్ళు అతణ్ణి చంపుతామన్నారు. అతను నడుముకి రెండు పిస్తోళ్ళు కట్టుకుని తిరిగాడు. ఇంటర్వెల్ బ్యాంగుకి సరిపోయే సీను! ఇవాళ గ్లెన్‌లివెట్ పేరు తెలియని విస్కీ దుకాణం లేదు. నిన్నటి దొంగబట్టీ నేటి వారసత్వం.

అయితే మనం కూడా అలాగే చేసేద్దామా? ఆగండి. గ్లెన్‌లివెట్ కథ చెప్పినవాళ్ళు మగవాళ్ళు. మానుకోట కథ చెప్పాల్సింది ఆ చింతచెట్టు కింద వున్నావిడ. ఆవిణ్ణి అడక్కుండా ఎవరూ ఏ లైసెన్సూ రాయకూడదు.

భూపాలపల్లి: కింద బొగ్గు, పైన పువ్వు

హనుమకొండలో బస్సెక్కి పరకాల, రేగొండ మీదుగా భూపాలపల్లి. దారిలో పాండవుల గుట్టలు కనిపిస్తాయి. ఆదిమానవులు గీసిన బొమ్మలు ఆ రాళ్ళ మీద ఇంకా వున్నాయి. గణపురంలో కాకతీయుల కోటగుళ్ళున్నాయి. షూటింగులవాళ్ళు ఇటు ఎందుకు రారో నాకు అర్థం కాదు!

భూపాలపల్లి సింగరేణి వూరు. షిఫ్టు మారే వేళ హెల్మెట్ల బారులు, టిఫిన్ క్యారియర్లు. చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం చిమ్నీలు మేఘాల్లోకి పొగ వదులుతుంటాయి. నేల కింద కోట్ల ఏళ్ళ అడవి బొగ్గయి వుంది. నేల మీద ఇంకా బతికున్న అడవిలో ఇప్పచెట్టు పువ్వు రాలుస్తోంది.

ఇప్పపువ్వుని ఎవరూ కొయ్యరు. అదే రాలాలి. తెల్లవారుజామున చెట్టు కిందికి వెళితే నేలంతా లేత పసుపు ముత్యాలు పరిచినట్టుంటుంది. తేనె, పాతబెల్లం కలిసిన వాసన. ఎలుగుబంటికి ఆ వాసన ప్రాణం. అందుకే ఆడవాళ్ళు పిల్లల్ని వెంటబెట్టుకుని, గట్టిగా మాట్లాడుకుంటూ ఏరతారు. మహాముత్తారం వైపు ఒక చెట్టు కింద కలిసిన కోయ ఆడపడుచులు నన్ను చూసి ముందు నవ్వుకున్నారు. ప్యాంటు షర్టు వేసుకుని పువ్వులేరడానికి వచ్చినవాణ్ణి వాళ్ళు చూసివుండరు!

ఎండిన ఇప్పపువ్వులో సగానికి పైగా చక్కెరే. ఎండబెట్టి నిల్వ చేసుకుంటే కరువునాడు తిండి. వేయించి తింటారు, దంచి రొట్టెల్లో కలుపుతారు. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. కాయల గింజల నుంచి నూనె. ఇన్ని వున్నా పట్నంవాళ్ళకి ఇప్పపువ్వు అంటే సారా ఒక్కటే గుర్తొస్తుంది. పౌరాణికాల్లో వేషం వేసినవాణ్ణి జీవితాంతం ఆ వేషంతోనే పిలిచినట్టు!

సారా కాచే పద్ధతి కూడా చెప్పారు. పువ్వుని నీళ్ళలో కొన్నాళ్ళు నానబెట్టి పులియనిస్తారు. పొయ్యి మీద కుండ, దాని మీద కుండ, సందుల్లో మట్టి పూత. ఆవిరి వెదురు గొట్టంలోంచి వచ్చి, చల్లబడి, చుక్కలవుతుంది. రాగి బదులు మట్టి, పీపా బదులు ఏమీ లేదు. కానీ సూత్రం స్కాట్లండ్‌వాడిదే.

కొలుపుల్లో ముందు దేవతకి సాక పోయాలి. ఆ తర్వాతే మనుషులు. మేడారం సమ్మక్క సారలమ్మల జాతర జరిగే నేల 2016 నుంచి 2019 దాకా ఈ జిల్లాలోనే వుండేది, ఇప్పుడు ములుగు జిల్లా. అక్కడ అమ్మవార్లకి జనం నిలువెత్తు బెల్లం ఇస్తారు. దాన్ని బెల్లం అనరు, 'బంగారం' అంటారు. అదే బెల్లం మానుకోట వాగులో గుడుంబా అయింది. వస్తువు ఒకటే. ఎవరి చేతిలో, ఎందుకోసం అన్నదే తేడా.

"మా తాతల నాడు పండగలకే కాచేటోళ్ళు. ఇప్పుడు దుకాణంల రోజూ పండగే!" అంది వాళ్ళలో పెద్దావిడ. మళ్ళీ అందరూ నవ్వారు. ఆ నవ్వులో నవ్వు లేదు.

ఉత్తరానికి ఇంకా వెళితే కాళేశ్వరం. ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న గుడి, గోదావరీ ప్రాణహితల సంగమం. వంతెన దాటితే మహారాష్ట్రలోని సిరొంచ. తెలుగు బాగా వినిపించే వూరే. కానీ అది గడ్చిరోలి జిల్లా. ప్రజల ఉద్యమం ఫలితంగా 1993 నుంచి అక్కడ మద్యనిషేధం! ఒక ఒడ్డున లాటరీలో దుకాణాలు, ఒక ఒడ్డున నిషేధం, మధ్యలో ఒకే గోదావరి. రెండు ఒడ్డులా అడవిలో రాలే ఇప్పపువ్వుకి మాత్రం ఏ చట్టమూ తెలియదు.

రేపటి మాట

ఇక ముందేమిటి? బయట గాలి ఎటు వీస్తోందో చూద్దాం.

మధ్యప్రదేశ్ ఇప్పసారాని 'వారసత్వ మద్యం'గా గుర్తించింది. ఆదివాసీల స్వయంసహాయక సంఘాలకే తయారీ అప్పగించింది. అలీరాజ్‌పూర్ నుంచి 'మోండ్', డిండోరీ నుంచి 'మోహులో' అనే పేర్లతో సీసాలు వచ్చాయి. మన పక్కనే చిత్తూరు జిల్లాలో దక్కను పీఠభూమి కిత్తలి మొక్కతో మెక్సికో తరహా స్పిరిటు కాచినవాడు డెస్మండ్ నాజరెత్. ఆయన కంపెనీ 2018లో ఇప్పపువ్వు స్పిరిటుని కూడా గోవాలో విడుదల చేసింది. బెంగళూరు అమృత్ కంపెనీ 2004లో తన సింగిల్ మాల్టుని తీసుకెళ్ళి ఎక్కడ విడుదల చేసిందో తెలుసా? గ్లాస్గోలో! పులిని దాని గుహలోనే పలకరించినట్టు. మన ఎండకి పీపాలోంచి ఏటా పదో వంతు దాకా ఆవిరైపోతుంది. స్కాట్లండ్‌లో పోయేది నూటికి రెండు పాళ్ళు. అందుకే మన దగ్గర విస్కీ త్వరగా పండుతుంది. మన కుర్రాళ్ళలాగే!

ఇంకోవైపు స్కాచి దేశం సంగతి అంత బాగా లేదు. 2024 తర్వాత అమ్మకాలు మందగించి కొన్ని డిస్టిలరీలు ఉత్పత్తి తగ్గించాయి. గోర్డన్ అండ్ మెక్‌ఫైల్ అయితే 2024 నుంచి బయటి డిస్టిలరీల కొత్త సరుకుతో పీపాలు నింపబోమని 2023లోనే చెప్పేసింది. ఇకమీదట సొంత బట్టీలదే. డిస్టిలరీలు తమ పీపాల్ని తామే వుంచుకుంటున్నాయి కనుక బయటివాళ్ళకి దారి ఇరుకవుతోంది. 2025 జూలైలో భారత్, బ్రిటన్ వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు చేశాయి. దాని ప్రకారం స్కాచి మీద సుంకం 150 శాతం నుంచి 75కి, పదేళ్ళలో 40కి దిగుతుంది. అంటే రేపు జనగామ దుకాణంలో కూడా స్కాచి సీసా చేతికందుతుంది. విలన్ బీరువాలోని సీసా హీరో ఫ్రెండు చేతికి వచ్చేస్తుంది!

అప్పుడు కల్లు లొట్టి ఏం కావాలి?

నాకు తోచింది చెబుతాను. మొదటిది, పేరు. ఏ వూరు, ఏ చెట్టు, ఏ చేయి, ఏ పూట. పెంబర్తి ఇత్తడికి వచ్చిన గుర్తింపు ఖిలాషాపురం పోద్దాడుకి ఎందుకు రాకూడదు? రెండు, పరీక్ష. కల్తీ లేదని చెప్పే చీటీ లేకుండా చుక్క కూడా బయటికి పోకూడదు. మూడు, వాటా. సీసా మీద అడవి బొమ్మ వేసి, లాభం పట్నానికి పట్టుకుపోతే అది వారసత్వం కాదు, డబ్బింగు. 2021 నుంచి మద్యం దుకాణాల్లో గౌడులకి 15 శాతం, ఎస్సీలకి 10, ఎస్టీలకి 5 శాతం కేటాయించారు. మంచిదే. కానీ అది ఎవరో చేసిన మందు అమ్ముకునే హక్కు. తాము గీసినదానికి, తాము ఏరినదానికి పేరు పెట్టుకునే హక్కు కాదు.

నాలుగోది అన్నిటికంటే పెద్దది. ఆడవాళ్ళ మాట. ఏజెన్సీ గ్రామాల్లో మత్తు పదార్థాల్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకి 1996 నాటి పెసా చట్టమే ఇచ్చింది. కొత్తగూడ, గంగారం వైపు గూడేల్లో ఆ సభ కూర్చుని "మాకు ఇప్పలడ్డూ చాలు, సారా వద్దు" అంటే అదే తుది తీర్పు. "ఏటా ఇన్ని సీసాలే, పండక్కే, మా సంఘం పేరుతోనే" అంటే అదీ తీర్పే. ఏదైనా సరే, నిర్ణయం దుకాణం వేలంలో కాదు, చింతచెట్టు కింద జరగాలి.

ఇది చదివి ఎవరైనా తమ్ముడు "అన్నయ్య తాగమన్నాడు" అనుకుంటే నా పని గోవిందా! 21 ఏళ్ళు నిండనిదే మన రాష్ట్రంలో మందు కొనడానికి వీల్లేదు. నిండినా కొనకపోతే నష్టమేమీ లేదు. చెట్టు మీద నుంచి పడి నడుము విరిగినవాడి ఇంట్లోనూ, తాగుడుకి కూలి డబ్బు పోయిన ఇంట్లోనూ బాధ ఒకటే.

ఈసారి తెలంగాణ పల్లె కథతో సినిమా వస్తే ఒక్క పని చేయండి. కల్లు కాంపౌండు సీను రాగానే ఈల వేయడం మానొద్దు గానీ, ఆ లొట్టి ఎవరు దించారో ఒక్కసారి ఆలోచించండి. తాగేవాడికి పాటుంది, పోట్లాడేవాడికి ఫైటుంది. తెల్లవారుజామున చెట్టెక్కిన వాడికీ, ఎలుగుబంటి వస్తుందేమోనని బెదురుతూ పువ్వులేరిన ఆమెకీ ఇంకా టైటిల్సులో పేరు పడలేదు.